రెండు జవాబులు

ఉద్యోగం ఎందుకు మానేశారని ఎవరు అడిగినా నా దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉండేవి. అడిగినవాళ్ళు తెలుగువాళ్ళయితే, "హెచ్-4 కదండీ, పని చెయ్యనివ్వరు" అనేదాన్ని. అమెరికన్లయితే, "పిల్లల కోసం మానేశాను" అనేదాన్ని. ఏళ్ళ తరబడి ఈ రెండింటినీ మార్చి మార్చి వాడాను. రెండోది చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా నా గొంతు తడబడలేదు.

తేదీలు చెబితే సంగతి తెలుస్తుంది. హైదరాబాదులో, మాదాపూర్‌లో ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, 2009 మార్చిలో రాజీనామా ఇచ్చి, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉన్న మా ఆయన దగ్గరికి వచ్చాను. పాప పుట్టింది 2010 నవంబరులో. అంటే ఇరవై నెలలపాటు మా ఇంట్లో పిల్లలే లేరు. పొద్దున ఆయన కారెక్కి వెళ్ళాక సాయంత్రందాకా నాకు అపార్ట్‌మెంట్ బాల్కనీయే దిక్కు. అప్పట్లో, హెచ్-1 ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళ భార్య హెచ్-4 వీసా మీద ఉంటే జీతానికి పని చెయ్యకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇచ్చేవారు కాదు. 2013లో ఒక కన్సల్టెన్సీవాళ్ళు నా పేరున హెచ్-1 వేస్తే లాటరీలో తగల్లేదు. 2014 జూలైలో బాబు పుట్టాడు. నేను ఉద్యోగం మానేశాక పిల్లలు పుట్టారు. దాన్ని నేను తిరగేసి చెప్పుకున్నాను.

ఎందుకు తిరగేశానో చాలాకాలం ఆలోచించలేదు. వీసా అని చెబితే ఎదుటివాళ్ళ ముఖంలో జాలి కనిపించేది. పిల్లల కోసం అంటే గౌరవంగా తల ఊపేవారు. మా ఇంటి దగ్గరి పార్కులో ఉయ్యాలల పక్కన కూర్చునే తెల్లజాతి తల్లుల్లో కొందరు పెద్ద చదువులు చదివి, మంచి జీతాలు వదులుకుని ఇంట్లో ఉన్నవాళ్ళు. అలాంటివాళ్ళ గురించి 2003లో న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రికలో పెద్ద వ్యాసం వచ్చింది. బాగా చదువుకున్న ఆడవాళ్ళు తమంతట తామే ఉద్యోగాల నుంచి తప్పుకుంటున్నారనీ, అదొక విప్లవమనీ దాని సారాంశం. ఆ తల్లుల పక్కన బెంచీ మీద కూర్చున్నప్పుడు నేనూ వాళ్ళలో ఒకతెనన్న భావన నాకు హాయిగా ఉండేది. నా చేతిలో లేని నిర్ణయాన్ని నేనే తీసుకున్నట్టు చెప్పుకుంటే, ఆ కాసేపూ అది నా నిర్ణయమే అయిపోయేది.

2015 మే 26 నుంచి, గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం వచ్చిన హెచ్-1 ఉద్యోగుల భార్యలకీ భర్తలకీ పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. 2017 చివరికి ఆ పని అనుమతి కార్డు దాదాపు 91 వేల మందికి అందింది. వాళ్ళలో నూటికి 93 మంది భారతదేశంలో పుట్టినవాళ్ళు. నూటికి 93 మంది ఆడవాళ్ళు. ఆ అంకెలు చదివినప్పుడు నాకు మా అపార్ట్‌మెంట్లే కళ్ళ ముందు మెదిలాయి. ఒక ఎంటెక్, ఒక పళ్ళ డాక్టరు, ఒక బ్యాంకు ఆఫీసరు, వరసగా బాల్కనీల్లో వడియాలు ఎండబెట్టుకుంటూ.

కార్డు వచ్చాక ఇంటర్వ్యూలకి వెళ్తే అందరూ అడిగింది ఒకటే, ఈ ఏడేళ్ళూ ఏం చేశారని. రెజ్యూమెలో ఖాళీ కనబడితే కష్టం, "కుటుంబ బాధ్యతలు" అని రాయండి అన్నాడు రిక్రూటరు. రాశాను. అలా నా రెండో జవాబు కాగితం మీదికి కూడా ఎక్కింది. 2016 ఫిబ్రవరిలో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాను. ఐదేళ్ళ అనుభవానికి విలువ కట్టలేదు, కొత్తగా చదువు ముగించుకు వచ్చినవాళ్ళ జీతమే ఇచ్చారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అయితే నేనివాళ రాయడానికి కూర్చున్నది అది కాదు.

మా టీముకి లీడ్ ఒక నల్లజాతి ఆవిడ. నాకంటే మూడేళ్ళు చిన్న. ఆ వేసవిలో ఆవిడకి రెండో కాన్పు అయింది. ఆరు వారాలు నిండగానే డెస్కు దగ్గర కనిపించింది. ఈ దేశంలో 1993లో వచ్చిన చట్టం ప్రకారం కనీసం యాభై మంది పనిచేసే కంపెనీలో, ఏడాది సర్వీసు నిండిన మనిషికి పన్నెండు వారాల సెలవు దొరుకుతుంది. జీతం మాత్రం ఉండదు. ఆవిడకి ఇన్సూరెన్సు కింద ఆరు వారాలకి జీతంలో కొంత భాగం వచ్చింది. మిగిలిన ఆరు వారాలు వాడుకుంటే ఇంటద్దె ఎవరు కడతారు?

ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ఆవేళ బ్రేక్ రూములో పాలు తీసుకునే పంపు సంచీ భుజాన వేసుకుని కాఫీ కలుపుకుంటున్న ఆవిడతో నేనన్నది ఇది: "ఆరు వారాల పసిగుడ్డుని వదిలి రావడానికి మీకు మనసెలా ఒప్పింది? నావల్ల అయ్యేది కాదు. నేను ఏడేళ్ళు ఇంట్లోనే ఉండిపోయాను."

ఆవిడ కాసేపు కప్పులోకే చూసింది. "మా అమ్మమ్మ అలబామాలో వేరేవాళ్ళ పిల్లల్ని పెంచింది. వాళ్ళని నిద్రపుచ్చి ఇంటికొచ్చేసరికి మా అమ్మ నిద్రపోయి ఉండేదట. మా ఇంట్లో పని మానేసిన ఆడమనిషి ఎవరూ లేరు" అంది. గొంతులో కోపం లేదు. కప్పు కడుక్కుని మీటింగుకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కారులో నేను ఆవిడ గురించి ఏమనుకున్నానో నాకు బాగా గుర్తుంది. "వాళ్ళకి అలవాటేనేమో" అనుకున్నాను.

ఆ మాట నాది కాదు. మా నాయనమ్మది. తెనాలి దగ్గర మా ఊళ్ళో వరినాట్లప్పుడు దళితవాడ నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. నెల నిండని బిడ్డల్ని తుమ్మచెట్టు కొమ్మకి పాతచీర ఉయ్యాల కట్టి అందులో పడుకోబెట్టి, మోకాలి లోతు బురదలో దిగేవారు. బిడ్డ ఏడిస్తే మేస్త్రి ముఖం చూసి, ఒప్పుకున్నట్టుంటేనే గట్టెక్కి పాలిచ్చేవారు. సెలవులకి వెళ్ళిన నేను, ఏడెనిమిదేళ్ళ పిల్లని, "నాయనమ్మా, ఆ బుజ్జిపాప ఏడుస్తోంది" అని చెబితే, "వాళ్ళకి అలవాటే లేవే" అంది. అంతకుముందో వెనకో ఇంకో మాట కూడా అనేది: "మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పొలం గట్టు తొక్కరు." పనికి వెళ్ళకపోవడం మా ఇంటి పరువు. మా నాయనమ్మకి ఊళ్ళో ఉన్న పరువులో సగం ఆవిడ గుమ్మం దాటకపోవడం వల్ల వచ్చిందే. ఆ పరువు నిలబడాలంటే బురదలో దిగే ఆడవాళ్ళు ఉండాలి. వాళ్ళకి అది కష్టం కాదని మేము నమ్మాలి.

నేను ఇంజనీరింగు చదివాను, ఉద్యోగం చేశాను, సముద్రాలు దాటాను. బ్రేక్ రూములో ఆ ప్రశ్న అడిగింది మాత్రం మా నాయనమ్మ మనవరాలే.

మా లీడ్ చెప్పిన మాటని పట్టుకుని ఆ తర్వాత చాలా చదివాను. 2023లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్ తన తొలినాళ్ళలోనే, 1977లో, ఈ సంగతి మీద పరిశోధన ప్రచురించింది. 1880లో అమెరికా దక్షిణాది నగరాల్లో పెళ్ళయిన నల్లజాతి ఆడవాళ్ళలో నూటికి 35 మంది పనికి వెళ్తుంటే, పెళ్ళయిన తెల్లజాతి ఆడవాళ్ళలో ఏడుగురే వెళ్ళేవారు. బానిసత్వం చట్టప్రకారం ముగిసి అప్పటికి పదిహేనేళ్ళు. తెల్ల ఇల్లాలు ఇంట్లో ఉంటే అది సహజం. నల్ల ఇల్లాలు ఇంట్లో ఉంటే ఊరంతటికీ కోపం వచ్చేది. దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో 1918లో నగర పాలకులు ఒక ఆర్డినెన్సు తలపెట్టారు. యుద్ధానికి వెళ్ళిన భర్తలు పంపే డబ్బుతో ఇంటిపట్టున ఉండి, వంటపనికీ చాకిరేవు పనికీ రాకుండా పోయిన నల్లజాతి ఆడవాళ్ళు పనిచేసి తీరాలని దాని ఉద్దేశం. భర్త సంపాదన మీద ఇంట్లో ఉన్న భార్యలు. అచ్చం నాలాంటివాళ్ళు. నన్ను చూసి పార్కులో తల ఊపారు. వాళ్ళని శిక్షించాలనుకున్నారు.

జానీ టిల్మన్ గురించి కూడా అప్పుడే చదివాను. లాస్ ఏంజలెస్‌లో లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేసిన మనిషి, ఆరుగురు బిడ్డల తల్లి. జబ్బుపడి, పని మానేసి, ప్రభుత్వ సాయం మీద బతకాల్సి వచ్చినప్పుడు పడ్డ అవమానాన్ని మూటగట్టుకుని కూర్చోకుండా, తనలాంటి తల్లుల్ని కూడగట్టి దేశవ్యాప్త ఉద్యమానికి నాయకురాలైంది. బిడ్డల్ని సాకడం కూడా పనేనని ఆమె వాదించింది. 1996లో వచ్చిన చట్టం మాత్రం సాయం తీసుకునే పేద తల్లులు పనికి వెళ్ళాల్సిందేనని షరతు పెట్టింది. చంటిబిడ్డ ఉంటే మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. నేను ఏడేళ్ళు ఇంట్లో ఉంటే త్యాగం. ఆమెలాంటి మనిషి ఏడాదిన్నర ఇంట్లో ఉంటే సోమరితనం. ఇద్దరం చేసేది ఒకటే పని, బిడ్డకి నీళ్ళు పోసి అన్నం పెట్టడం.

ఇక్కడి అంకెల్లో నేను "ఆసియన్" గడిలో పడతాను. నెయిల్ సెలూన్‌లో రోజంతా రసాయనాల మధ్య కూర్చునే వియత్నాం ఆవిడ కూడా అదే గడిలో ఉంటుంది. మేమిద్దరం పని మానేసే కారణాలూ, తిరిగి చేరే దారులూ వేరు. మా తెలుగువాళ్ళకైతే తిరిగి చేరే దారి చాలామటుకు అమ్మల మీదుగా పోతుంది. విజిటర్ వీసా మీద అమ్మ ఆర్నెల్లు, అత్తగారు ఆర్నెల్లు. బాబుకి ఏడాది నిండేదాకా మాకూ అలాగే జరిగింది. మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ టెక్సస్ ఎండలో నడవలేక కిటికీ దగ్గర కూర్చున్న ఆ ఆర్నెల్లని నేను ఏ లెక్కలోనూ వెయ్యలేదు. ఆవిడ నర్సరావుపేటలో నాన్నని ఒంటరిగా వదిలి వచ్చింది.

బాల్కనీ రోజుల్లో బెట్టీ ఫ్రీడన్ 1963 నాటి పుస్తకం "ద ఫెమినిన్ మిస్టీక్" లైబ్రరీ నుంచి తెచ్చుకుని, ఇది నా కథే అని ఏడ్చాను. దాని మీద స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్ 1984లో చేసిన విమర్శ మాత్రం మా లీడ్‌తో మాట్లాడాకే చదివాను. ఇళ్ళల్లో ఊపిరాడని ఆ ఆడవాళ్ళు ఉద్యోగాలకి వెళ్తే వాళ్ళ పిల్లల్నీ ఇళ్ళనీ చూసుకోవడానికి ఎవరిని పిలుస్తారన్న సంగతి ఫ్రీడన్ పట్టించుకోలేదని ఆమె అభ్యంతరం. నేను ఆ పేజీ చదువుతున్నప్పుడు పక్కగదిలో ఒక మనిషి మా బాబుకి అన్నం తినిపిస్తోంది. నేను పేజీ తిప్పేశాను.

ఆమెని మా పిల్లలు "తీయా" అని పిలిచేవారు. స్పానిష్‌లో అత్త, పిన్ని అన్నీ అదే. చిన్నప్పుడే మెక్సికో నుంచి వచ్చింది. ఆమెకి గ్రీన్ కార్డు ఉంది, మాకు లేదు. నేను ఉద్యోగంలో చేరిన 2016 ఫిబ్రవరి నుంచి నాలుగేళ్ళ పైచిలుకు, పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం ఆరింటికి వెళ్ళేది. బాబుకి మొదట పప్పన్నం కలిపిపెట్టడం నేను నేర్పాను. తర్వాత వాడికి జ్వరం ఎప్పుడు రాబోతోందో నాకంటే ముందు ఆమే చెప్పేది. శుక్రవారం సాయంత్రం కవర్లో 300 డాలర్లు పెట్టి ఇచ్చేదాన్ని. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళల్లో అదే రేటు. పదిమందీ ఇస్తున్నదే ఇస్తున్నానని నిశ్చింతగా ఉన్నాను.

వారానికి యాభై గంటలు. గంటకి ఆరు డాలర్లు. ఫెడరల్ కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు. పొద్దుటి నుంచి రాత్రిదాకా వేరేవాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా వృత్తి. నాలుగేళ్ళలో ఈ భాగహారం ఒక్కసారి చెయ్యలేదు. ఆమెకిచ్చే జీతం మీద సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టాలని నాకు తెలుసు. కట్టలేదు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చినప్పుడు ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళనీ పొలం కూలీలనీ అందులో చేర్చలేదు. 1938 నాటి కనీస వేతన చట్టంలోనూ అంతే. ఆ రోజుల్లో నల్లజాతి ఆడవాళ్ళు ఎక్కువగా చేసింది ఆ రెండు పనులే. ఇంటిపనివాళ్ళలో చాలామందికి సోషల్ సెక్యూరిటీ 1950లో, కనీస వేతనం 1974లో గాని అందలేదు. మా లీడ్ అమ్మమ్మకి ముసలితనంలో పింఛను వచ్చిందో లేదో నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు. చట్టం ఎప్పుడో వదిలేసిన అన్యాయాన్ని నేను మా వంటింట్లో ప్రతి శుక్రవారం కవర్లో పెట్టి కొనసాగించాను.

2020 మార్చి చివరి వారంలో ఇళ్ళల్లోంచి కదలొద్దన్నారు. నేనూ మా ఆయనా ల్యాప్‌టాపులు ఇంటికి తెచ్చుకున్నాం. తీయాకి ఫోన్ చేసి, పరిస్థితులు చక్కబడ్డాక పిలుస్తామని చెప్పాను. ఒక వారం జీతం అదనంగా ఇచ్చాను. అది చాలా పెద్ద మంచితనమని నాకు నేనే చెప్పుకున్నాను. ఏప్రిల్‌లో లాటినో ఆడవాళ్ళలో నిరుద్యోగం 20 శాతం. అన్ని జాతుల ఆడవాళ్ళలోనూ అదే ఎక్కువ. వాళ్ళు చేసే పనులు, హోటళ్ళు, ఇళ్ళు ఊడవడం, పిల్లల్ని చూడటం, ల్యాప్‌టాపులో ఇంటికి తెచ్చుకునేవి కావు.

ఏప్రిల్ రెండో వారంలో తీయా ఫోన్ చేసింది. ప్రభుత్వం నిరుద్యోగ భృతికి వారానికి 600 డాలర్లు కలిపి ఇస్తోందట, తన కూతురు ఆన్‌లైన్‌లో అప్లికేషన్ నింపుతోంది. "ఎవరి దగ్గర పనిచేశానని రాయమంటారు?" అని అడిగింది.

"మా పేరు రాయకండి" అన్నాను.

పన్ను కట్టలేదన్న సంగతి బయటపడితే గ్రీన్ కార్డుకి అడ్డం వస్తుందేమోనన్న భయం. ఆ భయం నిజమైనదే. ఏడేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టిన కాగితాలు మళ్ళీ ఎక్కడ చేజారతాయోనని రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. కానీ ఆ ఫోన్లో అవతల ఉన్న మనిషి నాలుగేళ్ళు నా బిడ్డని ఎత్తుకున్న మనిషి. ఆమె ఒక్క క్షణం ఆగి, "సరే, రాయను" అంది. బాబు అన్నం సరిగా తింటున్నాడా అని అడిగి పెట్టేసింది.

ఆ సెప్టెంబరు ఒక్క నెలలో 8,65,000 మంది ఆడవాళ్ళు పని వెతుక్కోవడం కూడా మానేసి శ్రామికుల లెక్క నుంచి తప్పుకున్నారని పత్రికలన్నీ రాశాయి. బడులు ఆన్‌లైన్‌లో మొదలైన నెల అది. వాళ్ళలో 3,24,000 మంది లాటినోలు. ఆ వార్త నేను మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఆడవాళ్ళకి ఎంత అన్యాయం జరుగుతోందో చూడండి అని రాశాను. చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ అంకెలో తీయా ఉందో లేదో తెలీదు. ఆమె పని చేసినట్టే ఎక్కడా రాసి లేదు. పని మానేసినట్టు ఎలా రాస్తారు?

2021 ఆగస్టులో ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. ఒక డేకేర్‌లో ఉద్యోగం ఉందట, మా ఇంట్లో నాలుగేళ్ళు పిల్లవాణ్ణి చూసుకున్నట్టు ఉత్తరం కావాలి. రెండు వారాలు నాన్చాను. ఏ తేదీలు వెయ్యాలి, ఎంత జీతమని రాయాలి, అది ఎవరి చేతిలో పడుతుంది. చివరికి జీతం ప్రస్తావన లేకుండా మూడు వాక్యాలు రాసి తీసుకెళ్తే, ఆ ఉద్యోగం పోయిందనీ, హోటల్ లాండ్రీలో రాత్రి షిఫ్టులో చేరాననీ చెప్పింది. నాకు రెజ్యూమెలో ఏడేళ్ళ ఖాళీ ఉంటే దాన్ని పూడ్చే మాట రిక్రూటరు అందించాడు. ఆమె నాలుగేళ్ళ పనికి నేను ఇవ్వాల్సింది ఒక్క కాగితం.

2022 జనవరిలో అకౌంటెంటు దగ్గరికి వెళ్ళాం. పాత ఏళ్ళలో కొన్నింటికి గడువు దాటిపోయింది, వీలున్న వాటికి పన్నూ జరిమానా కట్టాం. కనీస వేతనానికి తక్కువైన డబ్బు లెక్కగడితే 12,500 డాలర్లు తేలింది. అది కూడా చెక్కు రాశాం. మా ఆయన, "ఇప్పుడిదంతా అవసరమా?" అని ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. ఇది మంచితనమని నేను అనుకోవడం లేదు. అప్పు తీర్చడం ఆలస్యమైంది, ఆలస్యం వల్ల ఆమె పోగొట్టుకున్నది నా చెక్కులో లేదు.

మా లీడ్‌కి కూడా చెప్పాను, అంతకుముందే. ఆవిడ అప్పటికి వేరే కంపెనీకి మారిపోయింది. ఆవేళ బ్రేక్ రూములో నేను చెప్పింది అబద్ధమనీ, నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది వీసా అనీ రాశాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. తనకి ఆ సంభాషణ గుర్తుందనీ, ఆ సాయంత్రం కారులో కూర్చుని ఏడ్చాననీ రాసింది. ఆవిడకి అలవాటేనని నేననుకుంటూ నా కారు నడుపుకుపోయిన సాయంత్రమే అది.

అకౌంటెంటు చేసిచ్చిన జీతం కాగితాలూ, ఆ చెక్కూ తీసుకుని ఒక ఆదివారం తీయా ఇంటికి వెళ్ళాను. రాత్రి షిఫ్టు చేసి వచ్చి అప్పుడే లేచినట్టుంది. కాఫీ ఇచ్చింది. చెక్కు బల్ల మీద పెట్టి, దాని మీద నీళ్ళగ్లాసు పెట్టింది, ఎగిరిపోకుండా. కాగితాలు కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చూసింది. అంకెల మీద ఏమీ అనలేదు. పేరు దగ్గర వేలు పెట్టింది.

"నాకు ఇంటిపేర్లు రెండు. నాన్నదీ, అమ్మదీ. మీరు అమ్మది వదిలేశారు. సోషల్ సెక్యూరిటీ కార్డులో రెండూ ఉన్నాయి. ఇలా ఉంటే నా లెక్కలో పడదేమో."

నాలుగేళ్ళు మా ఇంటి తాళంచెవి ఆమె దగ్గర ఉంది. మళ్ళీ చేయించి తెస్తానన్నాను. ఆమె పెన్ను తీసుకుని, నేను తెచ్చిన కవరు మీదే, ఏ అక్షరం తర్వాత ఏది వస్తుందో పైకి చదువుతూ, తన పేరు మొత్తం రాసిచ్చింది.